ఇరవై ప్రశ్నలూ, ఒక కొసరూ

కొట్టు కట్టేసిన రోజున నా చేతిలో మిగిలినవి ఇవి: అమ్ముడుపోని గుండీలు పదకొండు డబ్బాలు, సూదుల పెట్టె ఒకటి, దారపు కండెలు ఓ సంచీడు, మెట్లు కనిపిస్తే మొరాయించే ఎడమ మోకాలు, చుట్టుపక్కల ఆరు వీధుల్లో ఎవరి చొక్కాకు ఏ గుండీ పడుతుందో చెప్పగల జ్ఞాపకం. ఇవికాక, సరుకు ఎటు వెళ్లిందో రాసుకునే పొడుగాటి నోటుబుక్కు. నలభై ఏళ్లు గుండీలమ్మినవాడికి ఇది తక్కువ ఆస్తేమీ కాదు. కాకపోతే ఇందులో ఒక్కటీ ఇంట్లో పనికొచ్చేది కాదు. ఆ సంగతి మా ఆవిడ మొదటి వారంలోనే తేల్చి చెప్పింది.

"కొట్టున్నప్పుడు మీరు మనిషిలా ఉండేవారు. ఇప్పుడు కుర్చీ అయిపోయారు. ఊడ్చేటప్పుడల్లా జరపాల్సొస్తోంది," అంది.

మా కోడలు ఒంటరిగా ఉండే ముసలివాళ్లను చూసుకునే సంస్థలో పనిచేస్తుంది. చూసుకోవడం ఆమె పని కాదు. ఆ చూసుకోవడం వల్ల నిజంగా మేలు జరుగుతోందో లేదో తేల్చడం ఆమె పని. కొత్తలో ఇది విని నవ్వుకున్నాను. మేలు చేసి మళ్లీ దాన్ని తూకం వేయడమేమిటి? తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. కొట్టు నిండా సరుకు పెట్టుకుని, ఏది కదులుతోందో ఏది బూజు పడుతోందో చూసుకోని వ్యాపారుల్ని నేను బోలెడంత మందిని చూశాను. వాళ్ల బోర్డులే ముందు దిగాయి.

ఒకరోజు ఉదయం ఆమె ఆఫీసు సంచీ భుజాన వేసుకుని నా ముందు నిలబడింది.

"మామయ్యా, నాకు నూట ఇరవై గుండీలు కావాలి. అరవై తెల్లవి, అరవై నల్లవి."

"ఎంత పెద్ద కోటమ్మా అది?"

"కోటు కాదు, చీటీ వేయడానికి. కంప్యూటర్ వేసిందంటే వాళ్లు నమ్మరు. సంచీలో చెయ్యి పెట్టి ఎవరిది వాళ్లే తీసుకోవాలి."

విషయం ఇదీ. ఒంటరిగా ఉండే నూట ఇరవైమంది ముసలివాళ్లు ఆమె జాబితాలో ఉన్నారు. వారానికో గంట ఇంటికి వెళ్లి కబుర్లు చెప్పి వచ్చేందుకు మనుషులు కుదిరారు కానీ, వాళ్లు అరవై ఇళ్లకే సరిపోతారు. తెల్ల గుండీ వచ్చినవాళ్లకు ఇప్పుడే మనిషి వస్తాడు. నల్లది వచ్చినవాళ్లు ఆరు నెలలు ఆగాలి. అప్పటిదాకా నెలకోసారి అందరినీ అవే ఇరవై ప్రశ్నలు అడుగుతారు. ఎవరి ఒంటరితనం ఎంత తగ్గిందో చూస్తారు.

"అవసరం ఎక్కువున్నవాళ్లకే ముందు ఇవ్వొచ్చుగా?" అన్నాను.

"ఎవరికి ఎక్కువో మీరెలా చెప్తారు?"

"చూస్తే తెలీదూ?"

"చూస్తే తెలిసేది ఎవరు కలుపుగోలుగా ఉంటారో అంతే. నేను ఎంచితే నాకు తెలీకుండానే నవ్వే మొహాల్ని ఎంచేస్తా. ఆర్నెల్లయ్యాక వాళ్లు బాగుంటే, మనిషి వెళ్లబట్టి బాగున్నారా, మొదట్నుంచీ బాగానే ఉన్నారా? ఎలా తేలుతుంది? చీటీలో నా చెయ్యి ఉండదు కదా."

గిరాకీని మొహం చూసి అంచనా వేసి బతికినవాణ్ణి నేను. ఆ మాట కాస్త గుచ్చుకుంది. అయినా డబ్బాలు దించాను. ఆమె చేతికందినవి సంచీలో వేసుకోబోతే ఆపాను.

"ఆగమ్మా. ఆ నల్లవాటికి నాలుగు కన్నాలు, తెల్లవాటికి రెండే. వేలితో తడిమితే చాలు, కళ్లు మూసుకుని కూడా తెల్లదే తీసుకుంటారు. ఒకే అచ్చులో పోసినవి ఇస్తానుండు."

ఆమె రెండు గుండీలూ చేతిలో పెట్టుకుని కళ్లు మూసి తడిమి చూసింది. "ఇది నాకు తట్టలేదు మామయ్యా," అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా హోదా కుర్చీ కంటే ఓ మెట్టు పైకెక్కింది.

వెళ్లేముందు ఇంకో సంగతి చెప్పింది. జవాబులకు మార్కులు వేసి, రెండు జట్ల ఒంటరితనం తగ్గుదలలో ఎనిమిది మార్కుల తేడా వస్తేనే ఈ ఇళ్లకు వెళ్లే పని కొనసాగుతుంది, లేకపోతే కమిటీ ఆ డబ్బును వేరే పనికి మళ్లిస్తుంది, నల్ల గుండీ వాళ్లకు ఆరు నెలలయ్యాక కూడా ఎవరూ రారు. ఆ మాట ముసలివాళ్లకు ముందే చెప్పింది, కమిటీకి రాసి సంతకమూ పెట్టింది.

"ముందే ఎందుకు చిక్కుకున్నావు? లెక్క వచ్చాక చూసుకుని రాస్తే పోయేదిగా," అన్నాను.

"అలా రాస్తానేమోననే ముందే రాశా," అని చెప్పులేసుకుంది.

*

ప్రశ్నలు అడగడానికి ఇద్దర్ని పెట్టుకున్నారు. ఒకమ్మాయి కాలేజీలో చదువుకుంటోంది. నడకా మాటా రెండూ వేగమే కాబట్టి ఆఫీసులో అందరూ ఆమెను టకటక అంటారు. రెండో అతను నాలుగో రోజుకే పని మానేశాడు. తలుపు తట్టడం, లోపలినుంచి "ఎవరూ?" అనడం, ఇతను చెప్పుకోవడం, వాళ్లు తీయకపోవడం. నాలుగు రోజుల్లో ఆరు తలుపులు తెరుచుకున్నాయి.

కోడలు తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ అంది: "ఈయన్ని తీసుకుపోవే. ఆ వీధుల్లో ఈయన గొంతు వింటే తలుపు తీయనివాళ్లు లేరు. నాకూ ఊడ్చుకోడానికి చోటు దొరుకుతుంది."

సొంత మామగారిని పెట్టుకోవడం కోడలికి ఇష్టం లేకపోయింది. డైరెక్టర్ని అడిగింది. వేరే దారి లేక ఆయన సరేనన్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర నాకు మొదటి హెచ్చరిక వచ్చింది.

"ఆఫీసులో నేను మీ కోడల్ని కాను మామయ్యా."

"మరి?"

"మేడమ్‌ని."

మా ఆవిడకు నవ్వాగక చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ప్రశ్న కాగితం మీద ఎలా ఉందో అలాగే అడగాలి. వరస మార్చకూడదు. జవాబు అందివ్వకూడదు. సలహాలు ఇవ్వకూడదు, టీ తాగకూడదు. ఏ ఇంటికి ఏ రంగు వచ్చిందో నాకు తెలియకూడదు, వాళ్లు చెప్పబోయినా ఆపాలి. ఇరవై నిమిషాల్లో లేచి రావాలి. మొదలుపెట్టిన టైమూ, ముగించిన టైమూ ఫారం మీద రాయాలి.

"అర్థమైందా?" అంది మేడమ్.

"నలభై ఏళ్లు కొలబద్ద పట్టుకున్నవాణ్ణి. నాకు కొలత నేర్పాలా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

నాకు వచ్చినవి పై మూడు వీధుల్లోని అరవై ఇళ్లు. టకటకకు కింది మూడు వీధుల్లో అరవై. మొదటి నెల నేను రూలు తప్పలేదు. తలుపు కొట్టడం, కూర్చోవడం, "గత నెలలో మీతో మాట్లాడేవాళ్లు లేరని ఎంత తరచుగా అనిపించింది? అస్సలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, రోజూ," అని చదవడం, గీత పెట్టడం, లేవడం. ప్రశ్నకు మూడు మార్కులు, మొత్తం అరవై. మార్కులు పెరిగేకొద్దీ ఒంటరితనం ఎక్కువన్నమాట. నా అరవై ఇళ్ల సగటు ముప్పై ఎనిమిది. టకటకదీ అంతే.

రెండో నెలలో పప్పులో కాలేశాను.

మూడో వీధి చివర, రెండో అంతస్తులో తాళాలాయన ఉంటాడు. తాళాలు బాగుచేసేవాడు. ఇప్పుడు కళ్లు ఆనక మానేశాడు. గదిలో ఒక మంచం, ఒక బల్ల, గోడకు వరసగా తగిలించిన పాత తాళంచెవులు. ఆయనా నేనూ ఒకే బజారులో ముసలివాళ్లమయ్యాం.

"ఏమయ్యా గుండీలయ్యా, మళ్లీ వచ్చావా ఆ ప్రశ్నల కట్ట మోసుకుని? కూర్చో. పోయిన నెల జవాబులే ఈ నెలా. గీతలు పెట్టుకుని పో."

"చదవకుండా పెట్టకూడదు. రూలు."

"రూలుట! నీ కొట్టులో డజను గుండీలకు పదమూడు లెక్కబెట్టే రోజుల్లో ఏ రూలుండేది నీకు?"

అది నిజమే. డజను తీసుకుంటే ఒకటి కొసరు వేసేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా వేసేవాణ్ణి. కొసరు లేకుండా సరుకిస్తే నాకు చెయ్యి ఆడేది కాదు.

ఆయన బల్ల సొరుగు లాగి ఒక నల్ల గుండీ నా అరచేతిలో పెట్టాడు. నా డబ్బాలోదే, నా చేత్తో లెక్కపెట్టి ఇచ్చినదే. నేను వద్దనేలోపే అనేశాడు:

"మీ చీటీలో నాకు దక్కింది ఇదీ. మనిషెలాగూ రాడు, దీన్నైనా ఈ కోటుకు కుట్టిపెట్టు. మూడోది ఊడిపోయి ఏడాదైంది."

సూదుల పెట్టె నా సంచీలోనే ఉంది. నలభై ఏళ్ల అలవాటు, అది లేకుండా గడప దాటను. గుండీ కుట్టడం సలహా కాదు, టీ కూడా కాదు. ఏ రూలులోనూ గుండీ మాట లేదు. ఆయన జవాబులు చెప్తున్నంతసేపూ కుట్టాను. గీత గీసేటప్పుడు సూది కోటుకే గుచ్చి, మళ్లీ అందుకునేవాణ్ణి. పెద్దాయన మొదటిసారి ఇరవై ప్రశ్నలకూ తిన్నగా జవాబిచ్చాడు. చేతులు ఏదో పనిలో ఉంటే మనిషి కళ్లలోకి చూడక్కర్లేదు. కళ్లలోకి చూడకపోతే నిజం చెప్పడం తేలిక. ఇది నాకు కొట్టులో తెలిసిన సంగతే.

అదే బోణీ. ఆ మధ్యాహ్నమే రెండిళ్ల అవతల ఉండే టైపమ్మ దగ్గర ఇంకోటి. ఆవిడ మూడు తరాల పిల్లలకు టైపు నేర్పింది. ఇప్పటికీ కిటికీ పక్కన మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది. స్వెటరుకు పైగుండీ లేదు. మెడ దగ్గర చేత్తో పట్టుకుని మాట్లాడుతోంది. చూసి ఎలా ఊరుకోను?

మూడో నెలకు అరవై ఇళ్లలో సగానికి పైగా సూది దించాను. ఇరవై నిమిషాలది నలభై అయింది, యాభై అయింది. టైము మాత్రం ఉన్నదున్నట్టే ఫారం మీద వేశాను. సరుకు ఎటు వెళ్లిందో రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి నోటుబుక్కులో ఇంటి నంబరూ, గుండీల లెక్కా రాసుకున్నాను.

నాలుగో నెలలో తాళాలాయన చొక్కా ఇచ్చాడు. రెండు గుండీలు లేవు.

"మొన్ననేగా మొత్తం చూశాను?"

"ఊడిపోయాయయ్యా. నీ దారం నాసిరకం."

"నా దారంతో ఎడ్లబండి లాగొచ్చు."

"అయితే నా చొక్కా నాసిరకం. కుట్టు, కుట్టు. ప్రశ్నలు కానీ."

కళ్లజోడు సర్దుకుని గుడ్డ చూశాను. అరిగి తెగిన దారం చివర దూదిలా విచ్చుకుంటుంది. ఇది విచ్చుకోలేదు. నాలుగు పోగులూ ఒకే ఎత్తున, నున్నగా తెగాయి. బ్లేడుతో కోసిన దారం. బల్లమీద గీసుకునే బ్లేడు పక్కన నా రెండు గుండీలూ ఉన్నాయి.

సూదిలో దారం ఎక్కించాను. ఆయన గోడకున్న తాళంచెవులు చూస్తూ కూర్చున్నాడు. పదకొండో ప్రశ్న, "మీకోసం ఎవరైనా వస్తారని ఎదురుచూస్తుంటారా?" అన్నది చదివాను. "అప్పుడప్పుడు," అన్నాడు. గీత పెట్టాను.

ఆ రోజు నోటుబుక్కులో గీత కొట్టి లెక్కను రెండు వరసలు చేశాను. ఒకదానిపైన "తెగినవి" అని, రెండోదానిపైన "కోసినవి" అని రాశాను. కోడలికి చెప్పలేదు. చెప్తే ఆపేయమంటుంది. ఆపేయాల్సిన పనేనని నాకు అప్పటికే తెలుసు.

*

ఆరో నెల అయిపోయిన వారానికి కోడలు ఇంట్లో మాటలు తగ్గించింది. మూడో రోజు ఉదయం ఇంటి దగ్గరే చెప్పకుండా, ఫోన్ చేసి ఆఫీసుకు రమ్మంది. వెళ్లేసరికి బల్లమీద రెండు కాగితాలున్నాయి. నన్ను ఎదుటి కుర్చీలో కూర్చోమంది. మామయ్యా అనలేదు.

"టకటక వీధుల్లో తెల్ల గుండీ వాళ్లకు పదకొండు మార్కులు తగ్గాయి. నల్ల గుండీ వాళ్లకు ఒక్కటే తగ్గింది. తేడా పది," అంది.

"మంచిదేగా."

"మీ వీధుల్లో తెల్లవాళ్లకు పన్నెండు తగ్గాయి. నల్లవాళ్లకు, ఎవరూ వెళ్లనివాళ్లకు, పది తగ్గాయి. తేడా రెండు. అందరినీ కలిపితే ఆరు. నాకు ఎనిమిది కావాలి."

ఆమె కాసేపు నావైపే చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఫారాలు ఇంటికెళ్లే నింపారా? లేక మోకాలు నొప్పని ఇంట్లో కూర్చుని..."

మిగతాది అనలేకపోయింది. దొంగ తూకం వేశావని నలభై ఏళ్లలో ఎవరూ నన్ను అనలేదు. కోపం రావాల్సింది. రాలేదు, ఆమె కళ్లు చూస్తే రాలేదు. ఆ మాట అడగడానికి ఆమె మూడు రోజులు ఇంట్లో ముద్ద మింగలేకపోయిందని అప్పుడర్థమైంది.

"వెళ్లాను. ప్రతి ఇంటికీ వెళ్లాను," అన్నాను. 

"మీరంటే నేను నమ్ముతా. కానీ నమ్మకం లెక్క కాదు మామయ్యా. టకటకను మీ వీధుల్లో పది ఇళ్లకు పంపుతున్నా. ఏ పదో చీటీ తీసి. అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతుంది."

"పంపు. సరుకు తనిఖీకి వస్తే తలుపు మూసే కొట్టు కాదు నాది."

పైకి అలా అన్నాను. లోపల మాత్రం ఆ పదింటిలో తాళాలాయన ఇల్లు పడకూడదని కోరుకున్నాను. పడింది.

రెండు రోజుల తర్వాత టకటక వచ్చింది. చేతిలో పది ఫారాలు, భుజాన ఉబ్బిపోయిన గుడ్డసంచీ. ఫారాలు కోడలికిచ్చింది. ఒకటి రెండు మార్కుల తేడాతో నావాటికి సరిపోయాయి. నేను దొంగ లెక్క రాయలేదని తేలింది. ఊపిరి పీల్చుకునేలోపే ఆ పిల్ల సంచీ బల్లమీద బోర్లించింది. మూడు చొక్కాలు, ఒక స్వెటరు, కోటు. ఒక్కదానికీ గుండీలు పూర్తిగా లేవు.

"తాతగారూ, ఇవి మీకిమ్మన్నారు. ఏడిళ్లలో అడిగారు, గుండీలాయన ఏడీ, ఒంట్లో బాలేదా అని. తాళాలాయనైతే నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, 'ఆయనకేమన్నా అయితే నాకు చెప్పకుండా దాచకు' అన్నారు. ఇంకా, టైపమ్మగారు ఇది మీ చేతికే ఇమ్మన్నారు."

మడిచిన కాగితం. ఇరవై ప్రశ్నలకూ జవాబులు వరసగా టైపు చేసి ఉన్నాయి. అడిగేలోపే. దాని కింద ఇంకో కాగితం: "ప్రశ్నలడిగే ఆయనకు ఇరవై ప్రశ్నలు." మొదటిది, మోకాలు ఎలా ఉంది?

కోడలు కోటు తీసి దారం చివర్లు చూసింది. గుండీల వ్యాపారి కోడలు కదా, కాస్త కాస్త తెలుసు.

"ఇది అరిగింది కాదు," అంది.

"కాదు."

"మీకు తెలుసా?"

సంచీలోంచి నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పాను. సూది, యాభై నిమిషాలు, నల్ల గుండీ, బ్లేడు. నేను నెలకోసారి వెళ్లి ఒంటరితనాన్ని కొలుస్తున్నానని అనుకున్నాను. కొలిచే చేత్తోనే తక్కెడ నొక్కాను. మనిషి రానివాళ్లన్న జట్టుకు నేనే మనిషినయ్యాను.

"గుండీ కుట్టడం సాయం కిందకు వస్తుందనుకోలేదమ్మా. కొసరు అనుకున్నాను."

"కొసరే మామయ్యా. నేను సరుకును కొలిచాను, మీరు కొసరేశారు. ఇప్పుడు దేనివల్ల తగ్గిందో నాకు తెలీదు."

అప్పుడు నాలోని వ్యాపారి లేచాడు.

"ఒక పని చెయ్యి. నా వీధుల ఫారాలు పక్కన పడెయ్. ముసలాయన జబ్బుపడ్డాడు, సరిగా అడగలేకపోయాడని రాసెయ్. టకటక వీధుల లెక్క ఒక్కటే పెట్టు. పది వస్తోంది. పని నిలబడుతుంది, ఆగినవాళ్లకు మనుషులొస్తారు. నేనేగా చెడగొట్టింది, నామీదికే తోసెయ్. అందరికీ లాభం."

ఆమె కోటు మడతపెట్టింది. తిన్నగా, నేను కొట్టులో మడతపెట్టినట్టు.

"మీ కొట్టుకు ఎవరైనా గుండీ పట్టుకొచ్చి ఇలాంటిదే కావాలంటే, మీ దగ్గరున్నదానికి సరిపడేలా వాళ్ల గుండీని అరగదీసేవారా?"

నేను బల్లమీది స్వెటరు అందుకుని మడతపెట్టాను.

"తీసేయాలంటే మొదటి రోజే తీయాలి. లెక్క చూశాక నాకు నచ్చనిది తీసేస్తే, మిగిలింది నా ఇష్టమే కానీ లెక్క కాదు," అని నోటుబుక్కు తెరిచింది. ఆ రెండో వరస దగ్గర ఆమె వేలు ఆగింది. "కోసినవి. ఇదేంటి?"

చెప్పాను. ఆమె లేచి బీరువాలోంచి రంగుల జాబితా తెచ్చుకుంది. నా కళ్లకు కనపడకుండా పక్కకు తిప్పుకుని ఒక్కో ఇంటినీ చూసుకుంటూ కాగితం మీద గీతలు గీసుకుంది. చాలాసేపు పట్టింది.

"ఏ ఇల్లు ఏ రంగో మీకు తెలుసా? నిజం చెప్పండి."

"తాళాలాయనది ఒక్కటే."

"ఆయన్ని తీసేసి చెప్తున్నా. తెల్ల గుండీ ఇళ్లలో కోసినవి నాలుగు. నల్ల గుండీ ఇళ్లలో నలభై ఒకటి."

వారం వారం మనిషి వచ్చేవాళ్లకు గుండీ కోసుకునే అవసరం రాలేదు. రానివాళ్లు కోసుకున్నారు. ఏ ప్రశ్నలోనూ లేని జవాబు అది.

"అయితే గెలిచాం కదా!" అంది టకటక.

"గెలవలేదు. ఇది ముందే అనుకుని కొలిచింది కాదు. కోసిందో తెగిందో తేల్చింది ఒక్క మనిషి, ఆయనా మా మామగారు. రుజువు కాదు," అంది కోడలు. నోటుబుక్కు మూసి, "కానీ దాచేది కూడా కాదు," అంది.

*

కమిటీకి ఆరు అనే ఇచ్చింది. ఎనిమిది రాలేదని మొదటి వాక్యంలోనే రాసింది. వెనక నా వాంగ్మూలం రెండు పేజీలు, నా సంతకంతో. ఆ తర్వాత గుండీల లెక్క, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో, ఎందుకు పూర్తిగా నమ్మకూడదో. సమావేశానికి నన్నూ పిలిచారు. ఛైర్మన్ ఎర్రకళ్లజోడు పెద్దమనిషి. కాగితాలన్నీ చదివి ఒకటే అడిగాడు.

"ఈయన వీధులు తీసేస్తే పది వస్తోంది. తీయమని ఎవరూ చెప్పలేదామ్మా?"

"చెప్పారండీ," అని నావైపు చూపించింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారేముంది?

తీర్పు ఇలా వచ్చింది. పనికి ఇంకో ఏడాది గడువు. ఈసారి కొత్త ఇళ్లతో, మూడు జట్లతో మళ్లీ చూడాలి: మనిషి వచ్చేవాళ్లు, ఇంటి దగ్గర ప్రశ్నలు మాత్రమే అడిగించుకునేవాళ్లు, ప్రశ్నల కాగితం పోస్టులో అందుకునేవాళ్లు. టకటక వీధుల్లో ఆగిన ముప్పైమందికి వెంటనే మనుషులు. నా వీధుల్లో ఆగిన ముప్పైమందికి లేరు. ఉన్న డబ్బు అంతవరకే వస్తుంది, కాగితం మీద చూస్తే వాళ్లకు పది మార్కులు తగ్గే ఉన్నాయి కదా. కోడలికి రావాల్సిన పెద్ద ఉద్యోగం ఏడాది వెనక్కి పోయింది. నన్ను ప్రశ్నల పనిలోంచి తీసేశారు. అది తీర్పులో కాదు, ఇంటికి వస్తూ దారిలో చెప్పింది.

"మేడమ్ చెప్తోందా, కోడలు చెప్తోందా?"

"మేడమ్. కోడలైతే ఇంకా గట్టిగా చెప్పేది."

ఆ ముప్పైమంది సంగతే నాకు మింగుడుపడలేదు. నేను వేసిన కొసరు వాళ్ల వాటాకే గండి కొట్టింది. నాలుగు అడుగులేశాక అడిగాను.

"నా అరవై ఇళ్లూ కొత్త లెక్కలోకి వస్తాయా?"

"రావు. చెడిపోయిన సరుకు. ఇక ఏ లెక్కకూ పనికిరావు."

"అయితే అక్కడికి ఎవరు వెళ్లినా, ఎంతసేపు కూర్చున్నా, నీకేం నష్టం లేదన్నమాట."

ఆమె ఆగి నావైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. బేరం ఎటు పోతోందో పసిగట్టిన గిరాకీ చూపు.

"లేదు మామయ్యా. టీ కూడా తాగొచ్చు," అంది.

ఇంట్లో చెప్తే మా ఆవిడ చీపురు మూలన పెట్టి, ముప్పై ఇళ్ల జాబితా అడిగి తీసుకుంది. "ఆ మోకాలితో ముప్పైకీ ఏం తిరుగుతారు? పదిహేను నాకు రాయండి. మెట్లున్నవన్నీ నావి. ఒక్క తాళాలాయన్ని మాత్రం మీరే చూసుకోండి, ఆయన వాదనలు నేను పడలేను."

ఇది జరిగి ఏడు నెలలు. లెక్క తేల్చాలంటే ఇదీ. పోయినవి: మేడమ్ దగ్గర ఉద్యోగం, ఎనిమిది డబ్బాల గుండీలు, నాకు కొలత నేర్పక్కర్లేదన్న పొగరు. వచ్చినవి: మధ్యాహ్నం ఇంట్లో లేని పెళ్లాం, టైపమ్మ నుంచి నెలకో ఇరవై ప్రశ్నలు, ఆఫీసు లెక్క ఏదైనా అర్థంకాకపోతే "మామయ్యా, ఇలా చూడండి," అని కాగితం తెచ్చి పక్కన కూర్చునే కోడలు.

నిన్న నోటుబుక్కులో రాసిన పద్దు ఇది. మూడో వీధి, రెండో అంతస్తు, తాళాలాయన. తెగినవి: సున్నా. కోసినవి: సున్నా. కూర్చున్నది: గంటా పది నిమిషాలు.